గ్రాస్ సున్నా, నెట్ ఒకటి

శుక్రవారం

తాతయ్యకి,

నమస్కారాలు. నేను బాగున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? నీ గోదాములో ఉన్న మూడొందల బస్తాల గోధుమలు వరద శిబిరానికి పోవాలి కదా, ఇకనుంచి ఏ సరుకు ఎక్కడుందో, ఎంతుందో అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మా సరఫరా ఆఫీసులో ఈ పద్ధతి తయారుచేసింది నేనే. గర్వంగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది.

ఇందులో ఫారం పెట్టాను. గ్రాస్, నెట్, టేర్ అని మూడు గళ్ళు. అంకెలు మాత్రమే వెయ్యి. దయచేసి కథలు రాయకు.

నీ మనవరాలు

తా.క.: ఈ ఉత్తరం తెచ్చే లారీ డ్రైవరుని నా గురించి ఏడిపించకు.


శనివారం

నా కంప్యూటరమ్మకి కాటా తాత దీవెనలు.

మోకాలు నేను చెప్పినట్టు వినట్లేదు, నీలాగే. మిగతా వొళ్ళంతా దివ్యంగా ఉంది.

ఫారం నింపి పంపుతున్నాను. అంకెలే వేశాను. కథలు ఫారంలో వద్దన్నావు కాబట్టి ఇక్కడ చెబుతాను.

గ్రాస్ అంటే గడ్డి. మూడో క్లాసులో చదివాను, నాలుగో క్లాసు నన్ను చూసి పారిపోయింది. గోదాము చుట్టూ గడ్డంతా మొన్నే పీకించాను. కాబట్టి సున్నా.

నెట్ సంగతి చెప్పాలంటే హమాలీల మేస్త్రీని బస్తాల మీదికెక్కించి, ఫోను పైకెత్తి పట్టుకోమంటే ఒక్క గీత వచ్చింది. కాబట్టి ఒకటి. ఆ గీత మీద మాట నడవదు కనకే మనకీ ఉత్తరాలు.

టేర్ అంటే చిరగడం అని డ్రైవరు చెప్పాడు. చిరిగిన బస్తాలు తొమ్మిది. కుట్టించేశాను, బెంగపడకు.

ఆఫీసులో మీకు గడ్డి లెక్క ఎందుకో నాకర్థం కాలేదు. పెద్ద చదువులు కదా, ఏదో ఉండే ఉంటుంది.

ఇట్లు, మూడు గళ్ళూ ఖాళీ లేకుండా నింపిన మీ తాత

తా.క.: తా.క. అంటే తాజా కలం అట. మన ఇంట్లో మాత్రం తాత కలం.


సోమవారం

తాతయ్యా!!

కొంప ముంచావు. నీ ఫారం సరాసరి టైపు గదికి పోయింది, నీ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. నేను చదివేలోపు అక్కడ ఎక్కించేశారు.

గ్రాస్ అంటే సంచితో కలిపి బరువు. టేర్ అంటే ఒట్టి సంచి బరువు. నెట్ అంటే లోపలున్న గోధుమ బరువు. ఇప్పుడు కంప్యూటర్ ఏమంటోందో తెలుసా? నీ గోదాములో ఉన్న గోధుమలు మొత్తం ఒక్క కిలో!

మా పైఆఫీసరు నన్ను పిలిచి, "సున్నాలోంచి తొమ్మిది తీస్తే ఒకటెలా వస్తుందమ్మా?" అని అడిగాడు. "మా తాత దగ్గర వస్తుందండి" అన్నాను. నవ్వలేదు.

తల పట్టుకున్న నీ మనవరాలు


మంగళవారం

తల పట్టుకున్న తల్లికి,

తల వదులు. అది నీకు ముందు ముందు పనికొస్తుంది.

నెట్ అంటే నికరమా! ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదే! నలభై ఏళ్ళుగా నికరం తూస్తున్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను: సంచితో యాభై కిలోల ఆరొందల గ్రాములు, సంచి ఆరొందలు, నికరం యాభై. దిద్దెయ్యి.

ఇంతకీ సరుకు ఎత్తేదెప్పుడు? శిబిరం నుంచి నర్సమ్మ వచ్చింది. మూడొందల కుటుంబాలు, ఇంటికో బస్తా. వాళ్ళ దగ్గరున్నది గురువారం పొద్దుటి దాకానేనట. "పెద్దాయనా, పిల్లలకి ఏం చెప్పమంటారు?" అంది. వస్తుందని చెప్పమన్నాను. నేను చెప్పిన మాట పోకూడదు.

ఇట్లు, మాట ఇచ్చేసిన మీ తాత

తా.క.: మీ ఆఫీసరుకి నవ్వు రాకపోతే చక్కిలిగింతలు పెట్టు.


బుధవారం

తాతయ్యా,

దిద్దడం కుదరదు. లెక్కలో తేడా వచ్చిందని కంప్యూటర్ తాళం వేసుకుంది. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా నీ గోదాము నుంచి గింజ కదలకూడదు. పైనుంచి రాతపూర్వకంగా ఆర్డరు. ఖాళీ సంచులైతే పంపుకోవచ్చట, మహా ఉపకారం!

కంప్యూటర్‌లో ఉన్నదానికీ గోదాములో ఉన్నదానికీ ఒక్క కిలో తేడా కనపడినా నా ఉద్యోగం ఊడుతుంది. అక్కడ శిబిరంలో పిల్లలు. అంతా నా వల్లే. ఏం చెయ్యాలో తోచట్లేదు.

నీ మనవరాలు

తా.క.: నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు.


శనివారం

ఏమీ చెయ్యొద్దన్న మనవరాలికి, అంతా చేసేసిన తాత రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కంప్యూటర్ ప్రకారం నా దగ్గరున్నది ఒక్క కిలో. మరి ఈ మూడొందల బస్తాల్లో ఏముందీ? ఏమీ లేదు. ఏమీ లేని బస్తాని ఏమంటారే? ఖాళీ సంచి అంటారు. ఖాళీ సంచులు పంపుకోవచ్చని ఆర్డరు.

గురువారం తెల్లారగానే, నీ ఉత్తరం తెచ్చిన లారీకే ఎత్తించేశాను. సరుకుతో పోయే వేబిల్లు మీద "గోనె సంచులు, మూడొందలు" అని రాశాను. అబద్ధమా? సంచులే కదా! పెద్ద కాటా కూడా లారీలో వేసుకుపోయి, ప్రతి బస్తా శిబిరం వాళ్ళ కళ్ళముందే తూచి, మూడొందల వేలిముద్రలు వేయించుకొచ్చాను.

తిరిగొచ్చి నేల ఊడిపిస్తే కిలోంబావు గింజలు వచ్చాయి. కిలో చిన్న తక్కెట్లో పెట్టాను. పావు పావురాలకి వేశాను.

నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కాగితం చూశాడు, ఒక కిలో. గోదాము చూశాడు, ఒక కిలో. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"తాతా, బస్తాలేవి?"

"ఏ బస్తాలు బాబూ? మీ లెక్కలో ఉన్నాయా?"

మనిషి కందగడ్డయ్యాడు. పైవాళ్ళకి ఫోను చేద్దామని చూస్తే, ఆ ఒక్క గీతైనా రావడానికి ఎక్కేందుకు బస్తాలు లేవు! ఇక సొంత బుర్రే వాడాల్సొచ్చింది. నీళ్ళడిగి తాగాడు. వేలిముద్రలు లెక్కపెట్టాడు. నాతో శిబిరానికి వచ్చి పది బస్తాలు మళ్ళీ తూయించాడు. అప్పుడు, తల్లీ, నవ్వాడు. "సరుకు చేరింది, తేడా లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

నీ ఉద్యోగం పోలేదు. కాకపోతే ఆ ఇన్‌స్పెక్టరే నీ నెత్తిన కొత్త ఆఫీసరుని పెట్టాడు. ఆఫీసులో ఒక్కరికీ కాటా ముట్టుకోవడం రాదని తేలిందట, సోమవారం నుంచి నెల్లాళ్ళు మీకు పాఠం చెప్పమని ఒక పెద్దమనిషిని వేస్తూ అక్కడికక్కడే ఆర్డరు రాశాడు. నేనే. మొదటి వరసలో కూర్చో. ఇంట్లో తాతయ్యా అను, ఆఫీసులో సార్ అనకపోతే బెంచీ ఎక్కిస్తాను.

ఇట్లు, నీ పైఆఫీసరు

తా.క.: శిబిరంలో ఒక ముసలమ్మ బస్తా తడిమి చూసుకుని, "బాబూ, సంచి కూడా మాకేనా?" అంది. "నీకిచ్చిందే సంచి అక్కయ్యా, లోపలున్నది కంప్యూటర్‌కి చెప్పకు" అన్నాను.