డీజిలు గుడ్డ

యాలాల్,
శుక్రవారం.

చిరంజీవి హాసిని బిడ్డకు బాపు ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమమే. నీ ఉత్తరం అందింది. పోలీసు ట్రైనింగులో కాళ్ల బొబ్బలు మానాయని రాశావు, ఆ ఒక్క ముక్కనే మీ అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. నువ్వడిగినవాటికి జవాబులు: కంది పూత మీద ఉంది, పురుగు ఇంకా కనబడలేదు. వానలు పోయాక అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నోరు మాత్రం తగ్గలేదు.

ఇక కారు సంగతి. "బాలస్వామి రబ్బర్లు మళ్లీ వేసిచ్చాడా? అలాంటి మోసగాడి గడప ఇంక తొక్కకు బాపూ" అని రాశావు. అక్కడే ఆగిపోయాను. ఆదివారం నీకు దొరికే పది నిమిషాల ఫోనులో చెబుదామనుకున్నాను. నీ గొంతు వినగానే వానల సంగతి మాట్లాడి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు పోయేముందు మన పాత మారుతిని తాండూరు తీసుకుపోయి, నీళ్లు చొరకుండా నాలుగు తలుపులకూ డిక్కీకీ మెకానిక్ బాలస్వామి చేత కొత్త రబ్బర్లు వేయించావు కదా. నాపరాయి బండల ఫ్యాక్టరీల దుమ్ము పడుతుంది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక వేలితో కాస్త గ్లిజరిను రాయాలి, నూనెలు తగలనీయొద్దు, బండిని నీడన పెట్టాలి అని మీరిద్దరూ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. సరే అన్నాను. ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపినవాడికి బాలస్వామి నేర్పేదేమిటని లోపల అనుకున్నాను. ఇంట్లో డీజిలు ఉండనే ఉంది. వారం వారం గుడ్డ ముంచి తలుపుల రబ్బర్లకు పట్టించాను. నిగనిగలాడాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శ్రావణంలో మీ పద్మారాణి చిన్నమ్మ కూతురి నిశ్చితార్థానికి వికారాబాదు పోతుంటే వాన దంచికొట్టింది. తలుపుల సందుల్లోంచి నీళ్లు కారి మీ అమ్మ పట్టుచీర తడిసి ముద్దయింది. చుట్టాలు నవ్వారు. తిరిగొస్తూ నేరుగా బాలస్వామి దుకాణం ముందు బండి ఆపాను. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లంతా వినేట్టు, "పాత రబ్బరు ఏసి కొత్తదన్నవ్! పైసల కోసం గింత గడ్డి తింటవా?" అని అరిచాను. ఆయన నా ఈడువాడు. రబ్బరును పట్టుకుని చూశాడు, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. తప్పు ఒప్పుకున్నట్టేనని నేను తేల్చేసి, నీకూ అదే చెప్పాను.

మూడో రోజు కారు కడుగుతుంటే తెలిసింది. తలుపుల రబ్బర్లు ఉబ్బిపోయి బంకలా చేతికి అంటుకుంటున్నాయి. డిక్కీది మాత్రం చెక్కుచెదరలేదు. అదీ అదే రోజు, అదే చుట్టలోంచి కోసి వేసిందే. వెనక్కి పోవడానికి బద్ధకించి దానికి డీజిలు పూయలేదు, అంతే తేడా.

తెలిసి కూడా రెండు నెలలు కిక్కురుమనలేదు బిడ్డా. ఈలోపు ఫ్యాక్టరీలవాళ్లు తమ బండ్లను వేరే చోటికి తోలుతున్నారని విన్నాను. ఊరి పటేలునైన నా మాట కదా, జనం నమ్మారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొన్న మంగళవారం దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి పోయాను. తప్పు నాదేనని చెప్పాను.

"ఎరుకే పటేలా. డీజిల్ వాసన గా దినమే తెలిసింది" అన్నాడు.

"మరి గప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"నేను చెప్తే నమ్మేటోళ్లెవరు? నువ్వు చెప్పినవ్, అందరు నమ్మిండ్రు."

మాఫ్ చెయ్యమన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "నలుగురి ముంగట తిట్టినవ్. మాఫీ మాత్రం ఎవ్వలు లేంది చూసి అడుగుతున్నవ్" అన్నాడు. లేచి వచ్చేశాను.

రేపు పొద్దున హోటలు నిండుగా ఉండే వేళకు పోయి, అరిచిన చోటే నిలబడి చెప్పాలనుకుంటున్నాను. మీ అమ్మకు ఇంకా తెలియదు. ఆయన్ని మోసగాడని నీ చేత రాయించింది నేనే. నన్ను ఏమనాలనిపిస్తే అది రాయి, పడతాను.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆ శనివారం దాటిపోయి ఉంటుంది. ఫోను చేసినప్పుడు "చెప్పినవా బాపూ" అని నన్ను అడగకు. చెప్పకపోయినా చెప్పానంటానేమోనని నాకే భయంగా ఉంది. బాలస్వామి నంబరు నీ దగ్గర ఉంది. ఆయన్ని అడుగు.

ఇట్లు,
నీ బాపు
హనుమంతు