ఆరు బోల్టులకు ఏడు రంధ్రాలు

మిన్నెసోటా రాష్ట్రం, కల్వర్ కౌంటీ, స్కోగ్లండ్ ఊరి బయట తొమ్మిదో నంబరు రోడ్డు మీదున్న ట్రాక్టరు రిపేరు షాపునూ దాని వెనక ఇంటినీ సర్వహక్కులతో అనుభవిస్తున్న ఆర్డిస్ టాలెఫ్సన్ అనే నేను, కీర్తిశేషులు ఐవర్, హిల్డర్ టాలెఫ్సన్‌ల కుమార్తెను, అవివాహితను, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రలోభానికీ బెదిరింపుకూ లోబడకుండా రాయిస్తున్న ఆఖరు వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. నేను జూన్ నెల చూడనని డాక్టరు నా ఊపిరితిత్తుల ఫోటో చూసి చెప్పాడు. బుద్ధి మాత్రం భేషుగ్గా ఉందని వేరే కాగితం రాసిచ్చాడు. మా అన్న డ్వేన్ ముందు ఆ కాగితమే అడుగుతాడు కనుక దాన్ని దీనికి కుట్టించాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా లాయరు మైరన్ హాగ్లండ్‌ది. "ఆర్డిస్ గారూ, వీలునామాలో ఆస్తులు రాస్తే చాలండీ, కోపాలు వద్దు" అన్నాడు మైరన్. ఆస్తిలో పెద్ద భాగం అదే నాయనా అని చెప్పాను. రాస్తున్నాడు పాపం.

1. నా అంత్యక్రియలు మన లూథరన్ చర్చిలో, భోజనాలు చర్చి నేలమాళిగలో. పాటలు రెండు చాలు. నా గురించి డ్వేన్ మాట్లాడకూడదు. అతను నిలబడితే పాస్టరు గారు వెంటనే మూడో పాట మొదలుపెట్టాలి.

2. 1962 నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, రెండు సీట్లది, ఆకుపచ్చది, డీజిలు ఇంజనుతో నడిచేది, నా పేరనే రిజిస్టరై ఉన్నది. జూన్ రెండో శనివారం కౌంటీ మ్యూజియంలో దాన్ని నిలబెట్టి, ముందు ఇత్తడి పలక బిగిస్తారట. "దీన్ని రూపొందించినవాడు డ్వేన్ టాలెఫ్సన్" అని దాని మీద చెక్కబోతున్నట్టు నాకు ఆహ్వానం వచ్చింది. నా కారు మీద ఆ పేరు పడకూడదు. ఈ వీలునామా అంతా అందుకోసమే. తక్కినవన్నీ సామాన్లు.

జరిగింది రాస్తున్నాను. 1982 శరదృతువులో ఆ కారు నా చేతికొచ్చింది. పాత యజమాని నీళ్ళు వంపెయ్యకుండా చలికి వదిలేస్తే ఇంజను దిమ్మ పగిలిపోయింది. అదే నెల ఐస్‌క్రీము మోసే ట్రైలరు ఒకటి మా మలుపులో బోల్తా పడింది. దాని చల్లదనపు యంత్రాన్ని తిప్పే నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజనుకు గీత కూడా పడలేదు. దాన్ని తెచ్చి దీంట్లో పెడతానంటే పాతకార్ల క్లబ్బు మగవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "వెనకాల నాగలి కూడా కట్టించు ఆర్డిస్, అటూ ఇటూ పనికొస్తుంది" అన్నాడు ఒకడు. "పందెం గుర్రానికి ఎద్దు గుండె పెడుతుందిరోయ్" అన్నాడు ఇంకొకడు. ఆ రెండోవాడు డ్వేన్.

ఆ ఇంజను పుట్టిందే ఒకే వేగంతో గంటల తరబడి తిరగడానికి. వేగాన్ని ఒకేలా పట్టి ఉంచే గవర్నరు స్ప్రింగు మార్చి, కాలితో తొక్కితే మాట వినేలా చేశాను. కింద నూనె తొట్టి స్టీరింగుకు అడ్డొస్తే కోసి, పక్కకు తిప్పి వెల్డు చేశాను. బరువుకు కారు ముక్కు వంగిపోతే ముందు స్ప్రింగులు మార్చాను. డీజిలు ఇంజను నిదానంగా తిరుగుతుంది కాబట్టి కారు పరిగెత్తడానికి వెనక ఇరుసులో పళ్ళచక్రాలు మార్చాను. తాళం తిప్పితే ఆగే జాతి కాదు కనుక ఇంధనం ఆపడానికి లాగుడు పిడి పెట్టాను. ఇవన్నీ ఓపికుంటే ఎవరైనా చేస్తారు. చెయ్యలేనిది ప్లేటు.

ఐస్‌క్రీము ట్రైలరు ఇంజనూ ఇంగ్లీషు గేర్‌బాక్సూ ఒకదాని మొహం ఒకటి చూడనివి. రెంటినీ కలపడానికి మధ్యలో ముప్పాతిక అంగుళం మందం అల్యూమినియం ప్లేటు కావాలి. ఇంజను నడిమధ్య, గేర్‌బాక్సు నడిమధ్య ఒకే గీత మీద ఉండాలి. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే మూడు ముక్కలకు మించి తేడా రాకూడదు. వస్తే నెల తిరక్కుండా గేర్‌బాక్సు ముందు బేరింగు పొడైపోతుంది. రెండు ప్లేట్లు చెడగొట్టాను. మూడోది 1983 ఫిబ్రవరి ఆరున కుదిరింది. తేడా కొలిచే గేజి ముల్లు కదలకుండా నిలబడితే షాపులో ఒక్కదాన్నే ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ కలగలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గేమీ లేదు.

డ్వేన్ అప్పుడు అరవై మైళ్ళ అవతల కోర్డెల్‌లో వ్యవసాయ యంత్రాల దుకాణం నడిపేవాడు. ఆ చలికాలం అంతా ఒక్కసారి కూడా రాలేదు. తీరిక లేదని ఫోను చేసేవాడు. మరుసటేడు ఆగస్టులో, నేను పక్క పొలంలో కోత యంత్రం కింద పడుకుని గొలుసు బిగిస్తున్న రోజున, కార్ల పత్రిక మనిషి మా షాపుకొచ్చాడు. చుట్టపుచూపుగా వచ్చిన డ్వేన్ కారు చూపించాడు. ఫోటోలో బానెట్టు మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. "ఎవరి సాయమూ లేకుండా ఒక్క చలికాలంలో చేశాను" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

నేను పత్రిక పట్టుకుని అమ్మ దగ్గరికి పోయాను. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అమ్మాయ్. ఈ ఏడే వాడి దుకాణం మూతపడింది. ఈ ఒక్క పేరన్నా ఉండనియ్యి. నేను పోయేదాకా నోరెత్తకు" అంది. మాటిచ్చాను. అప్పటికి అమ్మకు డెబ్బై ఒకటి, గుండె జబ్బు. తొంభై ఏడేళ్ళు బతికింది. అమ్మ ఉన్నందుకు ప్రతి రోజూ సంతోషించాను. ఆ మాట ఇచ్చినందుకు ప్రతి రోజూ పళ్ళు నూరుకున్నాను.

అమ్మ పోయి మాట తీరాక, 2011లో క్లబ్బు వార్షిక విందులో లేచి నిలబడి, ఆ ప్లేటు నేను చేశానని చెప్పాను. "మా చెల్లెలికి చిన్నప్పట్నుంచీ హాస్యం ఎక్కువ" అన్నాడు డ్వేన్. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. నాకు కూడా కొట్టారు. అరవై ఏడేళ్ళ మనిషిని, చంటిపిల్ల పద్యం చెప్పినట్టు. ఆ చప్పట్లు నేను క్షమించలేదు, క్షమించను.

కనుక: పలక మీద "ఇంజను మార్చినది, ప్లేటు చేసినది ఆర్డిస్ టాలెఫ్సన్. ఈ పనిలో డ్వేన్ టాలెఫ్సన్‌కు ఏ భాగమూ లేదు" అని రెండు వాక్యాలూ చెక్కితేనే కారు మ్యూజియానికి దఖలు పడుతుంది. రెండోది కాస్త కటువుగా ఉందని మ్యూజియం వాళ్ళంటే, కారు నా మేనకోడలు కారిన్‌కు పోతుంది. అరిగిపోయేదాకా నడుపుకుంటుంది.

3. పాతకార్ల క్లబ్బుకు: విత్తనాల మొక్కజొన్న డబ్బా అట్టతో కోసిన ప్లేటు నమూనా ఒకటి, మైరన్ ఇనప్పెట్టెలో ఉంది. గాజు పటం కట్టించి విందు హాల్లో తగిలించాలి. ఎందుకో వినండి.

గేర్‌బాక్సుకు బోల్టులు ఆరు. పత్రికలో పడ్డాక డ్వేన్ అలాంటి ప్లేట్లు చేసి ముప్పై ఏళ్ళ పాటు తపాలాలో దేశమంతా అమ్మాడు, ప్రతి ప్లేటుకూ రంధ్రాలు ఏడు. కొన్నవాళ్ళు ఏడోది ఎందుకని అడిగితే "కంపనం బయటికి పోయే దారి" అని చెప్పేవాడు. విన్నవాళ్ళు తలలూపేవాళ్ళు. దాని పేరే టాలెఫ్సన్ రంధ్రం అయిపోయింది. అతన్ని చూసి ప్లేట్లు చేసిన ఇద్దరు ముగ్గురు కూడా అది మానలేదు. క్లబ్బులో ఒకాయన ఆ రంధ్రం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాడు, నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

అసలు సంగతి ఇది. రంధ్రాల గుర్తులకు అట్టను ప్లేటు మీద బోర్లా పెట్టాను. కుడి ఎడమైంది. మొదటి రంధ్రం కొట్టాక తప్పు తెలిసి, అట్ట తిరగేసి, మిగతా ఆరూ సరిగ్గా కొట్టాను. పనికిరాని రంధ్రం బిగింపుకు అడ్డం రాదు కనుక వదిలేశాను. ప్లేటు తయారు చేసినవాడికి అది తప్పని తెలుస్తుంది. నా ప్లేటు కారు కింద నుంచి ఊడదీసి అచ్చు దింపుకున్నవాడికి తెలియదు. అట్ట మీద ఆ రంధ్రం పక్కన పెన్సిలుతో "బోర్లా పెట్టాను, గాడిదను" అని నా చేతిరాత, 1983 ఫిబ్రవరి తేదీతో సహా ఉంది. ఉపన్యాసం ఇచ్చినాయన్ని మొదటి వరసలో కూర్చోబెట్టి ఈ క్లాజు పైకి చదవాలి.

4. అన్న డ్వేన్‌కు: ఆ తప్పు రంధ్రం కొట్టిన డ్రిల్లు బిట్టు, షరతులేమీ లేకుండా.

నాన్న నా పేర రాసిన సరస్సు ఒడ్డు క్యాబిను, పడవ, రేవుతో సహా, అతను ప్రతి వేసవిలో తాళంచెవి అడిగేది, ఈ కింది షరతుకు లోబడి: క్లబ్బు సభ్యుల ఎదుట ఒక బల్ల మీద నా షాపులోని ఇంజనూ, గేర్‌బాక్సూ, ప్లేటూ, గేజీ పెట్టాలి. డ్వేన్ రెండు నడిమధ్యలూ గంటలోగా కలిపి చూపిస్తే క్యాబిను అతనిది. అతనికి ఎనభై మూడేళ్ళు, కుర్చీ వెయ్యండి. కళ్ళజోడు తుడిచి ఇవ్వండి. అంతకు మించి సాయం వద్దు. గేజి ఏ వైపు నుంచి చదవాలో కూడా చెప్పొద్దు.

అది చేతకాకపోతే, అదే సభలో నిలబడి "ఆ ప్లేటు నా చెల్లెలు చేసింది, నేను దొంగిలించాను" అని అందరికీ వినబడేలా చెప్పినా క్యాబిను అతనిదే. రెండూ చెయ్యకపోతే అది కారిన్‌కు పోతుంది. కారిన్ తండ్రి మీద జాలిపడి తాళంచెవి ఇవ్వకూడదని నా కోరిక. ఇస్తుందని తెలుసు.

5. వదిన లొరెట్టాకు: అమ్మమ్మ నార్వే నుంచి తెచ్చిన వెండి బ్రోచి, గౌనుకు గుచ్చుకునే పిన్ను, వేలాడే చిన్న పళ్ళేలది, పెళ్ళినాటి నుంచీ ఆమె దానికేసి చూస్తూనే ఉంది. మంచు కరిగాక నేను ఆ కారు మొదటిసారి కోర్డెల్ నడుపుకుపోతే, వీధిలోకి పరిగెత్తుకొచ్చి నా మసి చెంపను ముద్దుపెట్టుకుని "అంతా నువ్వే చేశావటే! ఆడదానివంటే నువ్వే!" అన్న మనిషి ఆమె. అందుకు ఇస్తున్నాను. 2011 విందులో, అందరూ నవ్వుతుంటే, తల వంచుకుని బంగాళాదుంపలు కెలుకుతూ కూర్చున్న మనిషీ ఆమే. అది కూడా తెలిసే ఇస్తున్నాను. పెట్టుకున్నప్పుడల్లా గుచ్చుకోవాలి.

6. మేనకోడలు కారిన్‌కు: షాపు, ఇల్లు, లేతు మిషను, నాన్న కొలత పరికరాల చెక్కపెట్టె. కాలేజీలో వెల్డింగు పాఠాలు చెబుతుంది. పన్నెండేళ్ళప్పుడు ఏడో రంధ్రం చూసి "అత్తా, ఇది తప్పు కదా?" అని అడిగిన ఒకే ఒక్క మనిషి ఈ కౌంటీలో తనే. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అవునే కారిన్, తప్పే. లేతుకు ఎడమవైపు బెల్టు వదులైంది, చూసుకో.

7. పక్క పొలం విల్లర్డ్ క్రాంజ్‌కు: నా మంచు తోసే యంత్రం. అరువు తీసుకుపోయి తిరిగివ్వడం మరిచిపోయాడు కనుక కొత్తగా మొయ్యనక్కర్లేదు.

8. ఈ క్లాజు ఇవాళ పొద్దున చేర్చింది. సాక్షులుగా విల్లర్డునూ అతని భార్యనూ పిలిచాం. ఆవిడ జ్వరంతో రాలేదు. మైరన్ పై క్లాజులు నాకు చదివి వినిపిస్తుండగా, లొరెట్టా వంటింటి తలుపు తీసుకుని కోడిమాంసం, అడవి బియ్యం కలిపి ఓవెన్లో వండిన వంటకం గిన్నెతో వచ్చింది. మేం చూసుకోలేదు. గిన్నె పట్టుకుని నిలబడి ఆఖరుదాకా వింది.

"అయిదో దాంట్లో అబద్ధమేమీ లేదు ఆర్డిస్, కొట్టెయ్యకు" అంది. "మైరన్ గారూ, పెన్ను ఇటివ్వండి. రెండో సాక్షిని నేను." సాక్షి సంతకం పెట్టే మనిషి వీలునామాలో ఏమీ పుచ్చుకోకుండా ఉండడం మంచిదని, బ్రోచి వదులుకోవలసి వస్తుందని మైరన్ చెప్పాడు. "ఆ పిన్ను పెట్టుకుని అద్దంలో ఎవర్ని చూసుకోమంటారు?" అంది వదిన. కనుక అయిదో క్లాజులోని బ్రోచీ, అదే కారణాన ఏడో క్లాజులోని విల్లర్డ్ యంత్రమూ కారిన్‌కు చెందుతాయి. మాటలు మాత్రం ఆమె కోరిక మీద అలాగే ఉంచాను.

ఆమె మీద నా కోపం పోయిందని రాయలేను. సగం దిగింది. డ్వేన్ మీద వీసమెత్తు కూడా తగ్గలేదు, నా తదనంతరం కూడా అది అమల్లో ఉంటుంది. సంతకం కింద నాలుగు ముక్కలు రాసుకోవచ్చా అని వదిన అడిగింది. చట్టం అడ్డు చెప్పదన్నాడు మైరన్. ఏం రాస్తుందో నేను అడగలేదు.

పైన రాసినవన్నీ చదివించుకుని, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, 2024 ఫిబ్రవరి 21, బుధవారం, ఉదయం, స్కోగ్లండ్‌లో నా ఇంటి వంటబల్ల మీద చేసిన సంతకం:

ఆర్డిస్ హిల్డర్ టాలెఫ్సన్

సాక్షులు:

1. విల్లర్డ్ క్రాంజ్, రైతు, తొమ్మిదో నంబరు రోడ్డు, స్కోగ్లండ్. (యంత్రం వసంతంలో తెచ్చిద్దామనే అనుకున్నాను.)

2. లొరెట్టా టాలెఫ్సన్, డ్వేన్ టాలెఫ్సన్ భార్య, స్కోగ్లండ్. ఆర్డిస్ నా కళ్ళెదుటే సంతకం పెట్టింది, తెలివిగా ఉంది. 1983 జనవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా నా భర్త కుడి చెయ్యి మోచేతి వరకు పిండికట్టులో ఉంది. మంచు మీద జారిపడ్డాడు. అత్తగారు కంగారుపడతారని ఎవరికీ చెప్పనివ్వలేదు, తీరిక లేదని ఫోనులో చెప్పేవాడు. ఆస్పత్రి కాగితాలు నా దగ్గరున్నాయి, మైరన్ గారికి ఇస్తాను. ఆ రెండు నెలలూ ఆయన చొక్కా బొత్తాలు నేనే పెట్టాను.