కొంచెం నవ్వక్కా

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తున్న సంగతులు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నా, చెల్లీ క్షేమమని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. వేళకే తింటున్నాను. గదిలో నాతో ఉండే పిల్ల నిద్రలో గొణుగుతుందన్న మాటేగాని మనసు వెన్న. “తగాదాలు తీర్చడం కూడా చదువేనా, అయితే మీ పెద్దత్తకి ఎప్పుడో డిగ్రీ ఇవ్వాల్సింది” అని రాశావు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. చదువేనమ్మా. క్లాసులో సగం, బస్తీల్లో జనం మధ్య సగం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరి పక్షమూ పట్టకుండా ఒక మాటమీదకు తేవాలి.

పోయిన సెలవుల్లో నన్ను ఒక రాజీ కేంద్రంలో ఇంటర్న్‌గా వేశారు. నాకప్పగించిన మొదటి తగాదా ఒక లాండ్రీది. హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్‌లో ఒకావిడ కుడిచెయ్యి పడి నలిగింది, పనీ పోయింది. పని త్వరగా సాగాలని రోలర్ ముందుండే అడ్డు రేకును యజమానే తీయించాడట. ఆవిడ కోరింది ఎక్కువేం కాదు: రేకు మళ్ళీ బిగించాలి, తీయించింది తనేనని అతను పనివాళ్ళందరి ముందూ ఒప్పుకోవాలి. అతనేమో తప్పంతా ఆవిడ అజాగ్రత్తదే అంటాడు.

ఆవిడతో నాకు చనువు కుదిరింది. అక్కా అని పిలిచేదాన్ని. ఒకరోజు కేంద్రం మెట్లమీద కూర్చుని, ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకుని, ఒక సంగతి చెప్పింది. ఇంకో రెండు లాండ్రీలకు పనికోసం వెళితే చెయ్యి చూసి పొమ్మన్నారట. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోలేదట.

మర్నాడు యజమానితో విడిగా మాట్లాడాను. రేకు బిగించడానికి అప్పటికే ఒప్పుకున్నాడు, తప్పు తనదని చెప్పడం దగ్గరే ఆగాడు. ఎలాగైనా రాజీ నా చేతిమీదుగా జరగాలని నాకు ఒకటే ఆరాటం. అమ్మా, ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

“ఆవిడకి వేరే దారి లేదండీ. ఇంకెక్కడా పని దొరకలేదు. మళ్ళీ పనిలోకి తీసుకుంటానంటే సర్దుకుంటుంది” అన్నాను.

అంతదాకా మెత్తబడుతూ వచ్చిన మనిషి కుర్చీలో వెనక్కి వాలాడు. రేకు మాట కూడా వెనక్కి తీసుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆవిడ ఉన్న గదిలోకి వెళ్ళి పక్కన కూర్చున్నాను. “ఈ చేత్తో ఇంకెవరు పనిస్తారక్కా?” అన్నాను. ఎంతో మెత్తగా అన్నాను. ఆవిడ తలెత్తి నావంక చూసింది. తర్వాత, పొరపాటు తనదేనని రాసిన కాగితంమీద ఎడంచేత్తో సంతకం పెట్టింది.

మా సారు ఆ రాజీని క్లాసులో పాఠంగా చెప్పారు. పోయిన వారం అందరినీ ఆ లాండ్రీకి తీసుకెళ్ళారు. ఆవిడ అదే రోలర్ దగ్గర, రేకు లేకుండానే, పట్టు చిక్కని వేళ్ళతో దుప్పట్లు లోపలికి అందిస్తోంది. ఆవిడని యజమాని పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. నలిగిన చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నాడతను. పెట్టుకుంది. ముఖం మాత్రం బిగుసుకునే ఉంది.

“కొంచెం నవ్వక్కా” అన్నాను. ఇంకెవరో కాదు, నేనే అన్నాను. నవ్వింది.

ఇక నీ ఉత్తరంలోని ఆఖరి సంగతి. కుట్టు కార్ఖానాలో మేస్త్రీ నీ చెంపమీద కొట్టాడనీ, మీ ఇద్దరికీ రాజీ చెయ్యడానికి కాలేజీ పిల్లలు వస్తున్నారనీ రాశావు. “నీలాంటి పిల్లలే కదా, మనసులో ఉన్నదంతా చెప్పుకుంటాను” అన్నావు.

వాళ్ళు చెడ్డవాళ్ళేం కారమ్మా. నువ్వు చెప్పేది శ్రద్ధగా వింటారు. నువ్వేడిస్తే వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటారు. కొట్టాడని చెప్పు, గట్టిగా చెప్పు. కానీ నాన్న మంచంలో ఉన్నాడనీ, ఆ పని పోతే మనకి గడవదనీ మాత్రం చెప్పకు. ఎంత నెమ్మదిగా అడిగినా చెప్పకు. నిన్ను అమ్మా అని పిలిస్తే అసలే చెప్పకు.

ఇట్లు,
నీ పెద్దకూతురు