శనివారం ముద్ద

నందికొండ,
ఆదివారం.

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు, బావగారికి సుశీల నమస్కారాలు.

అచ్చంపేటలో అందరూ ఎట్లున్నారు? బావగారి మోకాలినొప్పి తగ్గిందా? చుక్కల మేక ఈనిందా? ఇక్కడ నేను, మీ మరిది బాగున్నాము. నా గురించి ఫికరు పెట్టుకోకు. ఈ ఉత్తరం బావగారే చదివి వినిపిస్తారని తెలుసు. మధ్యలో ఆడవాళ్ల ముచ్చట్లు వస్తాయి, అక్కడ దగ్గి ఆపెయ్యకుండా చదవమని మనవి.

ఏడో నెల పడింది. బిడ్డ బాగా కదులుతున్నది. బడికి ఇంకా పోతున్నాను. డ్యాము కట్ట దగ్గర బండలు పేల్చినప్పుడల్లా బల్ల మీది సుద్దముక్కలు దొర్లిపడతాయి. పిల్లలకు అలవాటైంది, నాకే కాలేదు. ఎండ, దుమ్ము సరేసరి. ఇక్కడ ఎవరి ఊరు వారిది, ఎవరి యాస వారిది. సాయంత్రం బడి తలుపులు మూసినాక నీ గొంతు వినాలనిపిస్తుంది.

ఇబ్బంది అంటే ఒక్కటే, ఛాతీలో మంట. తిన్నది పుల్లగా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతుంది. వంగి పలకలు దిద్దితే మరీ ఎక్కువ. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు జాడీ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెడుతున్నాను. పక్కింటి ఈరమ్మకు నా మంట అంటే సంబరం. వాళ్లు పాలమూరు నుంచి కట్ట పనికి వచ్చినవాళ్లు. “గంత మంటనా అక్కా? గట్లయితే బిడ్డకు నెత్తి నిండ ఎంట్రుకలే. ఇప్పటిసంది నూనె కొని పెట్టుకో” అంటుంది. మీ మరిది మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. నాకు కొంత నయమే. తెల్లారేసరికి ఆయనే కాళ్లవైపుకు జారి ఉంటున్నాడు.

మొన్న దవాఖానకు పోయాను. డాక్టరమ్మది గుంటూరు వైపు. “నెలలు నిండేకొద్దీ చాలామందికి ఉండేదేనండీ. కారం, పులుపు తగ్గించి కొంచెం కొంచెంగా తినండి. తినగానే పడుకోకండి. కడుపు మాత్రం ఖాళీగా ఉంచకండి” అన్నది. శనివారాలు మంట ఎక్కువని నేను చెబితే, ఆ రోజు ఏం తింటారని అడిగింది.

“ఒక్కపొద్దు ఉంటాను. పగలంతా మంచినీళ్లే. దీపం పెట్టినాక ఒక్కసారి తింటాను.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “చదువుకున్నవారు. లోపలున్న బిడ్డను అడిగారా, తను కూడా ఉంటానన్నదా?”

మందుచీటీ మడిచి సంచిలో పెట్టుకొని వచ్చేశాను.

అక్కా, మునుపు రెండు కడుపులూ నిలవనప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకొని వెంకన్నకు మొక్కినావు. “దీని కడుపు నిలిస్తే, బిడ్డ ఒడిలో పడేదాంక శనివారం శనివారం ఇద్దరం ఒక్కపొద్దుంటం” అన్నావు. నన్ను అడగలేదు. నేనూ కాదనలేదు. నాకు నమ్మకం ఉన్నదా అంటే ఉన్నదని చెప్పలేను. లేదందామంటే, నిన్న మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకొని కూర్చున్నాను, చెయ్యి లేవలేదు. నలభై దాటినాక వచ్చిన బిడ్డ. ఏమన్నా అయితే ఆ ముద్ద వల్లే అయిందని నువ్వు అనవు, నేను అనుకుంటాను. తినకపోవడం వల్ల ఏమన్నా అయితే? అదీ నేనే అనుకుంటాను. మీ మరిది ఎదురుగా కూర్చొని “తినరాదా” అన్నాడు. మళ్లీ తనే, “నా మాట కాదుగని, మీ అక్కకు రాయి” అన్నాడు.

అందుకే రాస్తున్నాను. మొక్కినదానివి నువ్వు, విడిపించవలసిందీ నువ్వే. గుడికి పోయి, బిడ్డ పుట్టినాక మిగిలిన శనివారాలు ఇద్దరం కలిసి తీర్చుకుంటామని చెప్పిరా. దేవుడు ఏమంటాడో నాకు తెలియదు. నువ్వు సరే అంటే చాలు.

ఇంకొక మాట. శనివారాలు నీకు కళ్లు తిరుగుతున్నాయని పోయిన ఉత్తరం చివర బావగారు చిన్న అక్షరాలతో రాశారు. ఆయనను కోప్పడకు. ఒట్టి కడుపుతో ఎండలో మేకల వెంట తిరిగితే తిరగవా? నా కోసం అని నువ్వు పడిపోతే నాకు దిక్కెవరు? కాన్పుకు నువ్వు వస్తేనే నాకు ధైర్యం.

వచ్చేవాళ్లుంటే ఇంత వాము, జొన్నపేలాలు పంపించు. మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. బిడ్డకు ఆమె దీవెన కావాలి.

వచ్చే శనివారానికి నీ జవాబు అందదు. అయినా సరే అన్నావనుకొని మధ్యాహ్నం బడి విడవగానే నేనిక్కడ తింటాను. నువ్వూ అక్కడ తిను. నువ్వు తినలేదనుకుంటే నాకు ముద్ద దిగదు.

నీ ఒడిలో పెరిగిన చెల్లెలు,
సుశీల

బావగారూ, ఇది మీకు. ఆ పూట మేకలను ఇంకెవరికన్నా అప్పజెప్పి, ఆమె కంచం ఖాళీ అయిందాక పక్కనే కూర్చోండి.