ఉప్పుటేరు దారి

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సంవత్సరీకానికని బరంపురం పక్కనున్న అంకులి నుంచి నిన్ననే కారులో రామయ్యపట్నం వచ్చాను. నిన్న మధ్యాహ్నమే నీ కూతురు సుజాతకు నొప్పులు మొదలయ్యాయి. దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి బరంపురం ఆసుపత్రికి బయలుదేరాను.

ఊరు దాటగానే ఫోన్ ఎడమకు తిరగమంది. పన్నెండు నిమిషాలు కలిసొస్తాయట. నువ్వు చేపల గంపతో ఉప్పుటేరు నడిచి దాటే దారి అదే కదా అనిపించింది. ఈ ఏడాదిలో వంతెన కట్టారేమో! నాకు ప్రతిదీ అనుమానమే, నీకు తెలుసు. కారు ఆపి, ఎదురొచ్చిన చేపలామెను అడిగాను.

"పోటొచ్చీసిందమ్మా. నడుం లోతు నీళ్లు. ఇటెల్లమని ఎవులు సెప్పినారు?"

ఫోన్ చూపించాను.

"దానికి ఈతొచ్చునేటి?"

"పిన్నీ, ఆవిడ మాటిను! సుట్టుదారే ఎల్దాం," అని వెనక నుంచి సుజాత నొప్పితోనే అరిచింది.

ఫోన్ నోరు మూయించి కారు తిప్పాను. ఆలస్యమైపోతుందేమోనన్న భయం దారంతా ఉంది. అందుకే ఇంకెక్కడా ఆగలేదు.

ఆసుపత్రి చేరిన పావుగంటకే ఆడపిల్ల పుట్టింది.

పురుడొచ్చిందని ఇవాళ నీ కార్యం ఆపేశారు. నువ్వేమీ అనుకోవులే. తల్లీబిడ్డల్ని ఇంటికి చేర్చడానికి ఆటో మాట్లాడతానన్నాడు అల్లుడు. వద్దన్నాను. నేనే తీసుకెళ్తాను, దారి మనుషుల్ని అడిగి మరీ.

పిల్ల అచ్చం నీ పోలికే అంటున్నారు అందరూ. నాకింకా నమ్మకం కుదరలేదు. కళ్లు తెరవనీ, నేనే చూసుకుంటాను.