స్థలపద్మానికి వేసిన ఎరుపు

వాట్‌గంజ్, కలకత్తా

అన్నయ్యకి,

నీ చెల్లెలు సుశీల దణ్ణాలు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోకు. నీ భుజం నొప్పి తగ్గిందా? తగ్గకుండానే నిచ్చెనెక్కి బోర్డులు రాస్తున్నావని వదిన రాసింది. వదిన మాట ఎలాగూ వినవు, నొప్పి మాటైనా విను. చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందా?

ఇక్కడ దుర్గాపూజలు అయిపోయినా వాన వదల్లేదు. గోడలు చెమ్మగిల్లి బట్టలు ఆరడం లేదు. మీ బావకి ఓడల డాకులో పని బాగానే ఉంది. తిండికి లోటు లేదు గానీ, చింతపండు పులుసు గుర్తొచ్చిన రోజున మాత్రం ఏడుపొస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు పంపు. మేం బాగానే ఉన్నాం.

అసలు సంగతికి వస్తాను. నావల్ల ఒక తప్పు జరిగిందన్నయ్యా.

భవానీపూర్ స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకి రంగులు వేస్తున్నాను కదా. ఎదురుగా కలర్ ఫోటోల షాపు పెట్టినప్పటినుంచీ మాకు ఈగలు తోలుకోవడమే పని. అలాంటప్పుడు ఒక ముసలావిడ ఆల్బమ్ పట్టుకుని వచ్చింది. ఆవిడని మాసీమా అని పిలుస్తాను, ఇక్కడి భాషలో పిన్ని అని. అందులో ఇరవై ఫోటోలు, అన్నీ ఆవిడ తోటలో పూలే. తోటలో ఏ మొక్క మొదటిసారి పూసినా ఆవిడ భర్త ఒక ఫోటో తీసి, ఇంట్లోనే కడిగేవాడట. ఆయన పోయి ఏడాదైంది. ఫిల్ములు చెమ్మకి పాడైపోయాయి, ఈ కాగితాలే మిగిలాయి. ఆవిడకి చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు ఆ పూలని రంగుల్లో చూసుకోవాలని ఆశ.

పువ్వుని చూడకుండా రంగు కలపకని నువ్వు నేర్పావు. అందుకే ఒక్కో పువ్వునీ చూడ్డానికి వాళ్ల తోటకి వెళ్లేదాన్ని. పొద్దున్న కుళాయి నీళ్లు, మీ బావ కేరేజీ, తర్వాత వెలుతురున్నంతసేపూ స్టూడియో. నేను ట్రాము దిగి ఆ గేటు తీసేసరికి ఎప్పుడూ సాయంత్రమే. మాసీమా మరమరాలు, టీ పెట్టి, నేను చెట్ల మధ్య తిరుగుతుంటే మెట్ల మీద కూర్చునేది. ఈ ఊళ్లో నాకోసం ఎదురుచూసిన మనిషి ఆవిడొక్కతే.

పంతొమ్మిదీ బాగా కుదిరాయి. చివరిది స్థలపద్మం. మందారం జాతి, మన వైపు నేను చూడలేదు. తోటలో ముద్దగా, ఎర్రగా కనిపించింది. ఫోటోలో పువ్వు తెల్లగానే ఉంది. ఎండ పడి తేలిపోయి ఉంటుందిలే అనుకున్నాను. అంత చేతకానిదానిలా అడగడమెందుకని ఆవిణ్ణి అడగలేదు. అదీ నా పొగరు. దూదితో ఎర్ర నూనెరంగు దట్టంగా రుద్ది, వారం పాటు ఆరబెట్టి మరీ పట్టుకెళ్లాను.

మాసీమా ఆల్బమ్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతూ నా తల నిమిరింది. చివరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"అమ్మాయీ, ఇది పొద్దున్న తెల్లగా విచ్చుకుంటుంది. మధ్యాహ్నానికి గులాబీ రంగు, సాయంత్రానికి ఎరుపు. ఆయన దీన్ని పొద్దున్నే తీశారు. ఫోటో ఆరవేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. ఆ రోజు ఇది ఎర్రబడడం నేను చూడనేలేదు" అంది.

ఆకులకి పచ్చ వేసి పువ్వుని ముట్టుకోకుండా వదిలేస్తే సరిపోయేది. ఏమీ చెయ్యకపోవడమే అక్కడ పని. అది తెలియక ఆయన చివరి ఫోటోని పాడుచేశాను.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నాకు మళ్లీ టీ పోసింది. ఆ టీ చూసి నేను తట్టుకోలేక అబద్ధం ఆడేశాను. "మా అన్నయ్యకి రంగుల సంగతి అంతా తెలుసు మాసీమా, ఎండిన రంగు తీసే ఉపాయం రాసి అడుగుతాను" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. ఫోటో ఊడదీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు రోజూ స్టూడియోకి మనిషిని పంపి, ఉత్తరం వచ్చిందా అని అడిగిస్తోంది.

మీ బావ కూడా పసిగట్టాడు. "ఏటే, కూడు ముట్టనేదు? ఆ ముసలమ్మ ఏటైనా అందేటి?" అన్నాడు. "ఏటీ అన్నేదు. అంటే బాగున్ను" అన్నాను.

పాడైన పాత ఫోటో ఒకటి తీసి, అదే ఎరుపు వేసి ఆరబెట్టి, టర్పెంటైన్‌తో తుడిచి చూశాను. ఎరుపు పూర్తిగా పోలేదు, కాగితం పొర మాత్రం లేచొచ్చింది. ఆవిడ ఫోటో మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. మన వీధిలో పెద్దవాళ్లందరినీ అడిగానని చెప్పు. నీ దీవెన నామీద ఉండనీ.

ఉపాయం ఉంటే రాయి. లేకపోతే నా మనసు కోసం ఉందని రాయకు. ఆ రంగు ఇక పోదని నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపు. అది పట్టుకెళ్లి ఆవిడకి చదివి వినిపిస్తాను. ఆ మాట నా అంతట నేను చెప్పలేకపోతున్నాను అన్నయ్యా.

నీ చెల్లెలు
సుశీల