మరిగించని పచ్చిపులుసు

మంగళవారం, నాంపల్లి

అత్తయ్య ఆసుపత్రిలో చేరి తొమ్మిది రోజులు. ఈ పూట కిచిడీ, పచ్చిపులుసు చేశాను. పెళ్లైన కొత్తలో మా గుంటూరు అలవాటు కొద్దీ ఆ పులుసును మరిగించి నవ్వులపాలయ్యాను. ఈసారి పచ్చి చింతపండు రసంలోనే ఉల్లిపాయలు, వేయించిన నువ్వుల పొడి కలిపాను.

“అచ్చం మీ అత్త చేసినట్లే ఉన్నది బిడ్డా,” అంటూ మామయ్య గిన్నె ఖాళీ చేశారు.

అంతలో అత్తయ్య ఫోన్. “నేను లేకున్నా మీకు మంచిగనే నడుస్తున్నది గద?”

ఆ గొంతులోని దిగులు భరించలేక, “ఎక్కడ అత్తయ్యా, పులుసు ఎవరూ ముట్టలేదు” అనేశాను.

“గట్లనా! జల్ది ఇంటికి పంపుమని డాక్టర్‌కు చెప్త,” అని ఎన్నాళ్లకో నవ్వారు.

నిద్ర పట్టడం లేదు. పొద్దున్నే టిఫిన్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేది మామయ్యే. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు.